ఆవిరి యను మాట

గడచిన వేసవిలో మా యింటి చిన్నవాడొకనాడు పరీక్షకాగితము చేతబట్టుకొని యేడ్చుచు వచ్చెను. "ఆవిరి యనగా నేమి?" యను ప్రశ్నకు వాడు "నీరు కాగినప్పుడు కంటికి కనబడక గాలిలో కలియునది" యని వ్రాసినాడు. ఉపాధ్యాయుడు దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివైచి, "నీరు కాగునప్పుడు లేచు తెల్లని పొగ" యని ప్రక్కను దిద్దినాడు. ఆ వేళకు మా తల్లిగారు వంటయింటిలో ఇడ్లీపాత్ర మూత తీయుచుండిరి. "ఒరే నాయనా, నీవు వ్రాసినది తప్పే కదా! కనబడని యావిరి యేమిటిరా? ఇదిగో, నా కండ్లద్దములు కప్పివేసినది చూడు" అని ఆమెయు నుపాధ్యాయుని పక్షమే వహించిరి.

పోయినది ఒక్క మార్కు; దానికి మేము చింతింపలేదు. కాని ఆ సాయంకాలము కూర్చుండి యోచింపగా, ఈ యొక్క మాట విషయమై మనుష్యులు పడిన పొరపాటులు బడికాగితముతో పోవునవి కావనియు, వానివలన వేలకొలది ప్రాణములు పోయినవనియు మాకు తోచినది. ఆ చరిత్రను గొంత యిక్కడ విన్నవించుచున్నాము.

మన భాషలో ఆవిరి యను మాటకు చుట్టములు పెక్కు. కాఫీ లోటానుండి లేచుదానిని జూచి "పొగలు గ్రక్కుచున్నది" యందుము. అందు పొగ యించుకయు లేదు. జలుబు చేసినచో "ఆవిరి పట్టుదుము". అప్పుడు ముఖమునకు తగులునది ఆవిరియు, నీటి తుంపరయు గలసిన మిశ్రమము. వినాయకచవితినాటి కుడుములు ఆవిరిమీద ఉడుకును. ఇది మాత్రము నిజమైన యావిరియే. చలికాలపు వేకువను పొలములమీద పఱచుకొనునది "పొగమంచు". అది పొగయు గాదు, మంచును గాదు. 1856లో రాయపురమునుండి వాలాజా దాక దక్షిణదేశపు మొదటి రైలు నడచినది. దానిని నడపినది ఆవిరియైనను, కంటబడినదానినిబట్టి జనులు "పొగబండి" యనిరి. పండితులు దానికి "ధూమశకట" మని సంస్కృతపు పట్టుబట్ట గట్టిరే గాని, లోపలి పొరపాటును దిద్దలేదు. సంస్కృతపు బాష్పశబ్దము మఱియు చిత్రమైనది. బాష్పమనగా ఆవిరియు నగును, కన్నీరు నగును. ఇక ఒకని యాశలు "ఆవిరియైపోయిన" వనునప్పుడు మాత్రము మన వాడుక శాస్త్రముతో సరిగా నొప్పుచున్నది; అక్కడ ఆవిరి యనగా కంటికి కనబడకుండ పోయినది. ఒక్క నోటనే యీ మాట కనబడుదానికిని, కనబడనిదానికిని గూడ చెల్లుచున్నది.

ఈ చిక్కు మన పెద్దలకు తెలియనిది గాదు. తర్కము చదువబోవువారికి మొదట చెప్పు నుదాహరణము కొండమీది పొగ: పొగ యున్నది గనుక నిప్పున్నది. బౌద్ధతార్కికుల "న్యాయప్రవేశ" మను చిన్నగ్రంథమున హేతువులందలి దోషములను జెప్పుచు, దూరమున గానవచ్చునది పొగయో బాష్పమో నిశ్చయము లేకుండగనే దానినిబట్టి నిప్పును సాధింపబోవుటకు "సందిగ్ధాసిద్ధ" మని పేరు పెట్టిరి. సందేహములో నున్నదానినే సాక్ష్యముగా నిలుపుట యని దాని భావము. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరల పనిపడును.

నీరు మరుగుచున్న కెటిలు ముక్కును శ్రద్ధగా జూచినవారు కొందఱే. ముక్కు కొనకును, తెల్లని మబ్బునకును నడుమ ఒక యంగుళము మేర యేమియు లేనట్లుండును. నిజమైన యావిరి యా యంగుళములోనే యున్నది. దానికి రంగు లేదు, ఆకారము లేదు, గాలివలె స్వచ్ఛము. అది ముందునకు బోయి చల్లనిగాలి తగిలినతోడనే సన్నని నీటిబొట్టులుగా మాఱును. మనకు తెల్లగా గనబడునవి యా బొట్టులు. మఱికొంచెము దూరము పోవునప్పటికి ఆ బొట్టులు పొడిగాలిలో మరల ఆవిరియై మాయమగును. కావున మన మావిరి యనుకొనునది ఆవిరి పుట్టుకకును, పునర్జన్మమునకును నడుమనున్న నీరు.

ఇది పండితుల సూక్ష్మ మనుకొని త్రోసివేయదగినది గాదు. ఒక లీటరు నీరు మరుగుస్థానమున ఆవిరియైనచో సుమారు 1,700 లీటర్ల చోటు నాక్రమించును. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకు 100 కెలోరీల వేడి చాలును. అదే గ్రామును 100 డిగ్రీలయొద్దనే ఆవిరిగా మార్చుటకు మఱి 540 కెలోరీలు గావలెను. ఆ వేడి యంతయు ఆవిరిలో దాగియుండును గనుక దానికి గుప్తోష్ణమని పేరు. ఆవిరి మన చేతిమీద నీరైనప్పుడు దాచుకొన్న దంతయు నొక్కసారి చేతికే యప్పగించును. అందుచేత మరుగునీటి చుక్క కాల్చుదానికంటె అంతే బరువుగల యావిరి దాదాపు పదిరెట్లు వేడి నిచ్చును. పాత్ర మూత తీయు కోడలు తెల్లనిమబ్బునుండి చేతిని తప్పించి, యేమియు కనబడని మూత యంచునకు చేయి యొగ్గును. బొబ్బ లెక్కునది అక్కడనే. బిడ్డకు జలుబు చేసినదని దుప్పటి కప్పి మరుగునీటి గిన్నె యెదుట గూర్చుండబెట్టు నాచారమును గూడ మాన్పించుట మంచిది. గిన్నె యొలికి కాలిన బిడ్డలు పెక్కుమంది యాసుపత్రులకు వచ్చుచున్నారు.

యూరపుఖండమువారి పొరపాటులు మన పొరపాటులకంటె గొప్పవి. భూమినుండి రెండువిధములైన యూర్పులు లేచుననియు, తడిది ఆవిరివంటిదనియు, పొడిది పొగవంటిదనియు అరిస్టాటిలు చెప్పెను. వాన, గాలి, మెఱుపు, తోకచుక్కలు గూడ వీనివలననే కలుగునని ఆయన మతము. ఈ రెండూర్పులును దాదాపు రెండువేల సంవత్సరము లక్కడి విద్యాలయములందు తిరుగుచునే యుండెను. 17వ శతాబ్దమున వాన్ హెల్మాంటను వైద్యుడు 62 పౌనుల బొగ్గును కాల్చి, ఒక్క పౌను బూడిద మిగులగా, తక్కిన 61 పౌనులు ఏమైనవని తన్ను దాను ప్రశ్నించుకొనెను. కుండలో నిలువని, కంటికి గనబడని యా పదార్థమునకు గ్రీకుల "ఖేయాస్" అను మాటను తలచుకొని "గ్యాసు" అని పేరు పెట్టెను. ఆయన చనిపోయిన తరువాత 1648లో కుమారుడు ప్రకటించిన గ్రంథముద్వారా ఆ మాట లోకమున వ్యాపించినది. నేడు మన పల్లెటూరి యిల్లాండ్రును పలుకు "గ్యాసు" ఆ మాటయే.

శాస్త్రజ్ఞు లిట్లు మాటలు వెదకుచుండగా, లోకము తన మాటతో తాను కాలక్షేపము చేసినది. 18వ శతాబ్దపు ఇంగ్లాండులో "వేపర్సు", అనగా "ఆవిరులు", అని యొక జబ్బుండెను. కడుపునుండియో, గర్భాశయమునుండియో ఆవిరులు లేచి తల కెక్కుననియు, అందువలన దిగులు, మూర్ఛ, ఏడుపు కలుగుననియు వైద్యులే చెప్పిరి. 1733లో జార్జి చేని యను వైద్యుడు ఇట్టి జబ్బులన్నిటిని గూర్చి "ఇంగ్లీషు వ్యాధి" యని గ్రంథమే వ్రాసెను. దిగులుపడిన పురుషునకు గౌరవమైన వేఱుపేరు దొరకుచుండెను. స్త్రీకి మాత్రము తఱచుగా ఆవిరులే దక్కినవి. నాలుగుగోడలనడుమ పని లేక, చదువు లేక, మనసులోని మాట చెప్పుకొన దిక్కులేక కుమిలిన యువతిని జూచి, ఆమె బ్రతుకును విచారింపక, ఆమె గర్భమునుండి లేచిన యావిరిని విచారించిరి. మనము వారిని జూచి నవ్వుటకు హక్కుగలవారము గాము. మన యూళ్లలో క్రొత్తకోడలు బెదరి మాటలాడకున్నచో "గాలి సోకిన" దని వేపమండలు తెప్పించిన కాలమును మాలో పెద్దవారు చూచియున్నారు. కంటికి కనబడని వస్తువు నేరారోపణకు మిక్కిలి యనుకూలమైనది. అది వచ్చి సాక్ష్యము చెప్పదు.

ఇంతకంటె పెద్ద నేరారోపణ యొకటి కలదు. బురదనేలలనుండియు, కుళ్లిన చెత్తనుండియు విషపుటావిరులు లేచి జ్వరములు, కలరా పుట్టించునని 19వ శతాబ్దపు మధ్యకాలమున పేరుపొందిన వైద్యులనేకులు నమ్మిరి. "మలేరియా" యను మాటకు ఇటలీభాషలో చెడుగాలి యనియే యర్థము. మన మన్యపుజ్వరమును గూర్చి మైదానమువారు "అక్కడి నీరు, గాలి పడవు" అను మాటయు ఈ సిద్ధాంతమునకు దాయాదియే.

దీనిని మొదట గట్టిగా నెదిరించినవా డొక కూలివాని కుమారుడు. జాన్ స్నో 1813లో యార్కు పట్టణమున పుట్టి, స్వశక్తిచే వైద్యుడయ్యెను. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టనునందు ఈథరు పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసిరను వార్త కొలది వారములలో లండనుకు వచ్చినది. తక్కినవారు గుడ్డమీద ఈథరు పోసి ముక్కుకడ బెట్టుచు, ఒకనికి మత్తెక్కకపోగా, మఱొకనికి మితిమీరి యెక్కగా ఆశ్చర్యపడుచుండిరి. స్నో మాత్రము భౌతికశాస్త్రమును తెఱచిచూచెను. ద్రవముపై నిలుచు ఆవిరి యెంతయను సంగతి ఉష్ణోగ్రతనుబట్టి యుండును. 0 డిగ్రీలయొద్ద ఈథరు బాష్పము వాయుమండలపు టొత్తిడిలో దాదాపు నాలుగవవంతు. 20 డిగ్రీలయొద్ద సగమునకు మించును. చల్లనిగదిలో చాలని మందు వెచ్చనిగదిలో మితిమీరుట కిదియే కారణము. 1847 జనవరిలోనే యీ లెక్కలపట్టికను సిద్ధముచేసి, నీటితొట్టిలో నుంచి వేడిని నిలుకడగా నుంచు పరికరమును గల్పించెను. మందు మారలేదు, ఆవిరి యనగా నేమో తెలిసినది, అంతే.

ఆవిరిని కొలుచుట నేర్చినవానికి విషపుటావిరుల కథ రుచింపలేదు. ఆవిరియో వాయువో గాలిలో వ్యాపించినకొలది పలుచనగును గదా. అట్లైన దుర్గంధము పుట్టుచోట పనిచేయువారు మొదట పడవలెను, దూరపువారు తప్పించుకొనవలెను. కలరా యట్లు నడవదు. పైగా కలరా మొదట పట్టునది ఊపిరితిత్తులను గాదు, ప్రేగులను. కావున అది నోటిద్వారా లోపలికి బోయినదై యుండవలెను. 1849లో స్నో ఈ మాటను చిన్నపుస్తకముగా వ్రాసి ప్రకటింపగా వినినవారు లేరు.

1854 ఆగస్టు చివర లండనులోని బ్రాడ్‌వీథిలో కలరా పుట్టి, 600 మందికి పైగా చనిపోయిరి. స్నో ఇల్లిల్లు దిరిగి, మృతులలో పెక్కుమందికి ఆ వీథిబోరునీటితో సంబంధమున్నదని కనుగొనెను. ఆయన చూపిన సాక్ష్యములలో రెండు మాకు మిక్కిలి ప్రీతికరములు. బోరునకు ప్రక్కనే యొక బీరుశాల యుండెను. అందలి పనివారు వీథిలోని గాలినే పీల్చినను ఒక్కరును కలరాతో చావలేదు. వారికి బీరు ఉచితము, వారు బోరునీరు ముట్టరు. (ఈ మాట మా మద్యనిషేధవాదులగు మిత్రులకు రుచింపకపోవచ్చును, సత్యమును దాచుట మాకు తగదు.) ఇక రెండవది: చాలదూరమున హాంప్‌స్టెడ్డులో నివసించు నొక విధవరాలు, మునుపు బ్రాడ్‌వీథిలో గాపురముండి ఆ నీటిరుచి మఱవలేక, రోజును సీసాలో దానిని తెప్పించుకొని త్రాగుచుండెను. ఆమె గాలి వేఱు, నీరు మాత్రమే యొకటి. ఆమె కలరాతో చనిపోయెను. సెప్టెంబరు 8వ తేదీని ఆ బోరుపిడి నూడదీసిరి. అప్పటికే కలరా తగ్గుముఖము పట్టినదని స్నోయే యొప్పుకొనెను; ఆయన నిజాయితికి మేము నమస్కరింతుము.

ఆ సంవత్సరమే దక్షిణలండనులో మఱియొక లెక్క తీసెను. ఒక్క వీథిలోనే కొన్ని యిండ్లకు మురికి గలిసిన నీటిని ఒక కంపెనీయు, కొన్నింటికి ఎగువనుండి తెచ్చిన మంచినీటిని మఱియొక కంపెనీయు నిచ్చుచుండెను. గాలి యందఱకు నొకటియే. మొదటివారిలో 10,000 ఇండ్లకు 315 మంది, రెండవవారిలో 37 మంది చనిపోయిరి. ఇంత జూపినను ప్రభుత్వపు ఆరోగ్యసంఘమువారు ఆవిరినే నమ్మిరి. పొగయో బాష్పమో తెలియకుండ నిప్పును సాధించుట యిదియే. 1858లో స్నో చనిపోయెను. ఆ వేసవిలోనే థేమ్సునది కంపుకొట్టగా, ఆవిరులకు భయపడి పార్లమెంటువారు గొప్ప మురుగుకాలువలకు ధన మిచ్చిరి. కాలువలు నీటిని శుభ్రపఱచినందున కలరా తగ్గినది. తప్పుకారణమున మంచిపని జరుగుటయు లోకమున గలదు. అది జరిగినప్పుడు తప్పుకారణము మఱింత బలపడును.

మలేరియా విషయమున తీర్పు మన గడ్డమీదనే వచ్చినది. 1897 ఆగస్టు 20వ తేదీని సికింద్రాబాదులో, బేగంపేటయొద్ద, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శనిక్రింద జూడగా, ఆ జ్వరపు పురుగు దోమ కడుపులో పెరుగుచున్నదని తేలినది. దానికై 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. బురదనుండి లేచునది ఆవిరి గాదు, దోమ. పేరు మాత్రము చెడుగాలిగానే నిలిచిపోయినది.

ఇంచుమించుగా ఆ కాలముననే హైదరాబాదు నగరమున ఆవిరిని గూర్చి యొక గొప్ప వాదము జరిగినది. తెలుగువారిలో దీని నెఱిగినవారు తక్కువ. ఈథరు సుమారు 35 డిగ్రీలకే మరుగును. మన వైశాఖమున సీసా మూత దీయుటే కష్టము. క్లోరోఫారము 61 డిగ్రీలదాక మరుగదు. అందుచే వేడిదేశములందు వైద్యులు దానినే వాడిరి. కాని క్లోరోఫారము పీల్చినవారిలో కొందఱు ఉన్నట్లుండి చనిపోవుచుండిరి. ఆవిరి బలము మితిమీరినచో గుండెయే యాగిపోవునని స్నో ముందే వ్రాసియుండెను. హైదరాబాదు వైద్యపాఠశాలకు పెద్దయగు ఎడ్వర్డు లారీ దీని నొప్పుకొనలేదు. ఊపిరి నొక్కటి కనిపెట్టి చూచిన చాలునని ఆయన మతము. దానిని తేల్చుటకు 1888లో నొకసారియు, 1889లో నొకసారియు సంఘములు కూడినవి. రెండవదానికి నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చెను, ఇంగ్లాండునుండి లాడర్ బ్రంటన్ అను పండితుడు వచ్చెను. వందలకొలది మూగజంతువులమీద పరీక్షలు జేసి, గుండె ముందుగా నాగదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు తప్పు. తేలిక మత్తులో గూడ గుండె లయ తప్పి యాగునని 1911లో లెవీ యను నతడు చూపెను. ఆ వాదములో నోడినను హైదరాబాదునకు దక్కిన గౌరవ మొకటి కలదు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచమున మత్తుమందు నిచ్చు వృత్తి చేపట్టిన తొలి స్త్రీలలో నెన్నదగినది. "ఆవిరులు" స్త్రీల జబ్బని చెప్పిన శతాబ్దము గడచి నూఱేండ్లు తిరుగకముందే, ఒక స్త్రీ యావిరిని కొలిచి పురుషులకు పీల్పించి నిద్రపుచ్చినది.

ఇక భౌతికశాస్త్రము ఈ మాటకు హద్దు గట్టిన కథ. 19వ శతాబ్దపు మొదట, ద్రవమునుండి పుట్టినది ఆవిరి, ఎప్పుడును వాయురూపముననే యుండునది గ్యాసు అని చెప్పుకొనుచుండిరి. 1822లో ఫ్రాన్సులో కాన్యార్ ద లా టూర్ అను నాయన తుపాకిగొట్టములో కొంత ద్రవమును, ఒక గోలీని వైచి మూసి, వేడిచేయుచు కదపి విన్నాడు. గోలీ ద్రవమునుండి పైకి వచ్చునప్పటి చప్పుడు కొంత వేడి దాటిన తరువాత ఆగిపోయెను. లోపల ద్రవ మనునది లేకపోయెను. మరుసటి యేట ఫారడే క్లోరీనును ద్రవముగా మార్చెను. కాని ప్రాణవాయువు, నత్రజని, ఉదజని మొదలగునవి వేలకొలది వాయుమండలముల యొత్తిడికిని లొంగకుండుటచే వానిని "శాశ్వతవాయువు" లనిరి.

బెల్‌ఫాస్టులోని ఆచార్యుడు టామస్ ఆండ్రూస్ సన్నని గాజుగొట్టములో బొగ్గుపులుసుగాలిని బెట్టి సంవత్సరములకొలది యొత్తుచు, కాచుచు జూచెను. 1869లో ఆయన చదివిన యుపన్యాసమున సంగతి తేటపడినది. సుమారు 31 డిగ్రీలకు లోపల నున్నంతవఱకు ఆ గాలిని ఒత్తినకొలది ఒకచోట ద్రవము విడివడి, పైమట్టము స్పష్టముగా గనబడును. ఆ వేడి దాటినచో ఎంత యొత్తినను మట్టమనునది కనబడదు. అది చిక్కబడునే గాని ద్రవముగా విడివడదు. ఇట్టి వేడి ప్రతి పదార్థమునకును ఒకటి కలదు. దానికి లోపల నున్నదానిని ఆవిరి యనియు, పైనున్నదానిని వాయువనియు ననవలెనని ఆండ్రూస్ చెప్పెను. ఈథరును ఆవిరి యనుచు, గంధకపుగాలిని గ్యాసనుట యర్థములేని భేదమనియు, రెండును ఆవిరులే యనియు, ఒకటి 35 డిగ్రీలకు, మఱొకటి సున్నకు 10 డిగ్రీల దిగువను మరుగుటయే తేడా యనియు చూపెను. ఈ హద్దునకు మన తెలుగు పాఠ్యపుస్తకములలో వాడు పేరు "సందిగ్ధ ఉష్ణోగ్రత". న్యాయప్రవేశకారుని సందిగ్ధము ఇట్లు మరల మన యింటికి వచ్చినది. పేరు పెట్టినవా రా తర్కమును తలచుకొనిరో లేదో గాని, తలచుకొని పెట్టినట్లే యున్నది.

ఈ తాళపుచెవితో తక్కిన తలుపులన్నియు తెఱచుకొన్నవి. శాశ్వతవాయువు లొత్తిడికి లొంగకుండుట వాని మొండితనము గాదు. వానిని ముందు చల్లార్పకపోవుట మన తప్పు. ప్రాణవాయువునకు హద్దు సున్నకు 118 డిగ్రీలకు దిగువను, నత్రజనికి 147 డిగ్రీల దిగువను, ఉదజనికి 240 డిగ్రీల దిగువను గలదు. 1877లో ప్రాణవాయువు, 1898లో ఉదజని, 1908లో హీలియము లొంగినవి. నీటికి హద్దు 374 డిగ్రీలు. కావున మన యిడ్లీపాత్రలోనిది సర్వవిధముల ఆవిరియే.

బెల్‌ఫాస్టువారికి 31 డిగ్రీలు అరుదుగా గనబడు వేడి. మనకు అది చైత్రపు టుదయము. మంటల నార్పుటకై కచ్చేరీలలో గోడకు వ్రేలాడదీయు బొగ్గుపులుసుగాలి సీసాలో మాఘమాసపు వేకువను ద్రవముండును; రోళ్లు పగులు రోహిణీకార్తెలో, నీడను 42 డిగ్రీలున్న మధ్యాహ్నమున, అందులో ద్రవమని చెప్పదగినది లేదు. ఒక్క సీసా, ఒక్క పదార్థము, ఋతువునుబట్టి ఆవిరియు, వాయువు నగుచున్నది.

వంటయింటిలో సంగతి దీనికి తలక్రిందులు. మనము "గ్యాసు" అనునది ప్రొపేను, బ్యూటేనులను రెండు పదార్థముల మిశ్రమము. ప్రొపేను హద్దు సుమారు 97 డిగ్రీలు, బ్యూటేను హద్దు సుమారు 152. మన యెండలు ఎంత మండినను ఆ హద్దులకు రావు. కావున సిలిండరులో అడుగున ద్రవమును, పైన ఆవిరియు నుండును. పొయ్యికి వచ్చునది ఆండ్రూస్ నిఘంటువులో ఆవిరి. లోపల ద్రవ మొక్క గరిటెడున్నను, వేడి మారనంతకాలము ఆవిరి యొత్తిడి దాదాపు మారదు. అందుచే మంట జూచి యెంత మిగిలినదో చెప్పలేము, ఎత్తి తూచవలెను. నిండు సిలిండరులో పదార్థము 14.2 కిలోలు, ఖాళీ తొట్టి బరువు దానిమీదనే చెక్కియుండును. ఈ యావిరి గాలికంటె బరువైనది గనుక కాఱినచో పైకి బోక నేలమీద పఱచుకొనును. కంటికి గనబడదు గనుకనే దానిలో ఘాటువాసనగల మందు కలుపుదురు. వాసన తగిలినప్పుడు దీపపు మీట నొక్కక, క్రింది తలుపులు దెఱచి, సిలిండరు కట్టివేయవలెను.

ఇటీవల మాట పొరపాటును వ్యాపారమునకు పెట్టుబడిగా జేసినవారు గూడ బయలుదేరిరి. విద్యుత్తుతో నడచు చుట్టలను అమ్మువారు "ఇది పొగ కాదు, ఆవిరి మాత్రమే" యని పడుచువాండ్రకు చెప్పిరి. నోటినుండి వెలువడు తెల్లనిది ఆవిరి యెట్లగును? ఆవిరి కనబడదు గదా! అది గ్లిసరినువంటి ద్రవముల సన్నని తుంపర. అందు నికొటిను కలిసియుండును. మన ప్రభుత్వము 2019లో వాని యమ్మకమును నిషేధించినది. కుడుముల యావిరికి గల మంచిపేరును తెచ్చి ఆ తుంపరకు తగిలించినందువలననే యనేకులు మోసపోయిరి.

బాలుని కాగితము సంగతి చెప్పి ముగింతుము. ఉపాధ్యాయుడు సజ్జనుడే. ఒక ఆదివారము కాఫీకి పిలిచి, కెటిలు ముక్కునొద్ద నున్న యంగుళపు ఖాళీని చూపితిమి. చల్లని గరిటె నందు పెట్టగా నీరు దిగుట జూచి ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ఎఱ్ఱకలము దీసి, తన దిద్దుబాటును దానే కొట్టివైచి, అర మార్కు వేసెను. తక్కిన యర మార్కు, మబ్బును గూర్చి వాడేమియు వ్రాయనందున ఇయ్యనని నవ్వుచు జెప్పెను. న్యాయమే యని మేమును ఒప్పుకొంటిమి. మా తల్లిగారు మాత్రము లోటాలు తెచ్చి మా ముందు బెట్టి, "పొగలు పోకముందే త్రాగండి" అనిరి.